దిగినోళ్ళ లెక్క

ఎడ్ల కోసం జైనూరు సంతకు పోయి వచ్చిన మా మరిది కాళ్ళు కడుక్కుంటూ ఒక మాట చెప్పాడు.

"వదినా, మీ లాంపు రూం కాక లేడట. మొన్న అమాసకు పోయిండట."

అంతే చెప్పి అన్నానికి కూర్చున్నాడు. ఎడ్ల ముచ్చట చెబుతూనే ఉన్నాడు, నేను వడ్డిస్తూనే ఉన్నాను. కాని నా కళ్ళకు కనబడుతున్నది ఒక చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి బయటికి చాచిన ఒక అరచేయి. ఆ చేతి వేళ్ళ సందుల్లో నల్లటి గీతలుండేవి. ఎంత రుద్దినా పోని గీతలవి. బాయి దిగకుండానే బొగ్గు పట్టిన చేయి అది.

మాది మంథని పక్క పల్లె. మా ఆయనకు బొగ్గు బాయిలో పని దొరికిందని గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాకు వచ్చాం. కింద బొగ్గు తవ్వుతూ పోతుంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. నాకు పైన పని. బొగ్గులో రంధ్రం చేసి పేలుడు మందు పెట్టాక దాని నోరు మూయడానికి మట్టి ముద్దలు కావాలి. ఆ ముద్దలు చేసే ఆడవాళ్ళలో నేనొకతెను. మా రేకుల షెడ్డుకు ఎదురుగానే లాంపు రూం. ఏడాది పొడుగునా పొద్దున్నుంచి షిఫ్టు ఒడిసేదాకా నేను తల ఎత్తితే కనబడేది కాకే.

లాంపు రూం పద్ధతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. బాయిలో పనిచేసే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ. దిగేటప్పుడు కిటికీలో బిళ్ళ ఇస్తే అదే నంబరున్న లాంపు ఇస్తారు. లాంపు గూడు ఖాళీ అవుతుంది, బిళ్ళ గోడ మీది మేకుకు ఎక్కుతుంది. ఎక్కి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతారు. షిఫ్టు ఒడిసాక మేకులన్నీ ఖాళీగా ఉంటే అందరూ వచ్చినట్టు. ఒక్క బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి కింద ఉన్నట్టు.

ఆ ఖాళీ మేకులు చూసేదాకా కాక కూర్చునేవాడు కాదు. కూర్చోవడానికి స్టూలు ఉండేది, దాని మీద నూనె డబ్బా పెట్టేవాడు. జొన్నరొట్టె మూట విప్పేది కూడా ఆఖరి బిళ్ళ పోయాకనే. నిలబడే తినేవాడు. ఒకరోజు, బాయిలో పనివాళ్ళ మీద పెద్దగా ఉండే ఒక తాగుబోతు సర్దారు లాంపు ఇవ్వకుండానే నేరుగా కల్లు దుకాణానికి పోయాడు. కాక లాంపు రూంకు తాళం వేసి, అక్కడికే పోయి, వాడి నెత్తి మీది లాంపు ఊడబీకి, వాడి చేతిలో బిళ్ళ పెట్టి వచ్చాడు. తిట్టలేదు. "దిగినోడు ఎక్కాలె. ఎక్కినంక ఏడన్న పో" అన్నాడట.

ఆయన ఎప్పుడూ అనే మాట అదే. దిగినోడు ఎక్కాలె.

ఇంకొక అలవాటుండేది. లాంపు ఇచ్చే ముందు ప్రతివాడి ముఖం చూసేవాడు. ముఖం నచ్చకపోతే లాంపు ఇచ్చేవాడు కాదు. ఒక పొద్దున నాకూ మా ఆయనకూ మాటా మాటా పెరిగింది. ఆయన అన్నం తినకుండా డ్యూటీకి వచ్చాడు. నేను షెడ్డులో ముఖం ముడుచుకుని మట్టి పిసుకుతున్నాను.

కాక బిళ్ళ తీసుకున్నాడు కాని లాంపు ఇవ్వలేదు.

"ఇంట్ల లొల్లి అయిందారా?"

"నీకెందుకు కాకా? లాంపు ఇయ్యి."

"నాకు కాకపోతే ఎవలకు? షిఫ్టు ఒడిసినంక నీ బిళ్ళ మేకుకు ఉంటే చూసేది నేనే గద." అని కిటికీలోంచి తల బయటికి పెట్టి నన్ను పిలిచాడు. "ఓ బిడ్డా! జర గిటు రా. గీనెను నవ్విపియ్యి. గప్పటిదాక లాంపు ఇయ్య."

వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు. "నవ్విపియ్యి వదినా, మాకు ఆలస్యమైతుంది" అని ఒకడు. "నవ్వకుంటే మట్టి ముద్దతోని కొట్టు" అని ఇంకొకడు. నేను మట్టి చేతులతో పోయి నిలబడితే సిగ్గుతో ఏమీ తోచలేదు. మా ఆయనకే నవ్వు వచ్చింది. కాక ఆ నవ్వు చూసి లాంపు ఇచ్చాడు.

ఇట్లాంటి మనిషికి ఒక్కడే కొడుకు. తల్లి లేదు. ఆ పిల్లవాడు ఒక ఏడాది బాయి దిగాడట, తర్వాత పటాలంలో చేరాడట. మేము వచ్చేసరికే వెళ్ళిపోయాడు కాబట్టి నేను అతన్ని చూడలేదు. పటాలం అంటే కాకకు భయం లేదు. మన దేశంలోనే కదా ఉంటాడు అనుకున్నాడు. ఓడ ఎక్కించి కాంగో తీసుకుపోయారని ఉత్తరం వచ్చిన రోజు మాత్రం, ఉత్తరం చదివిపెట్టిన హాజరు గుమాస్తాను వదలలేదు.

"గా కాంగోల ఎవలు ఎవలతోని కొట్లాడుతుండ్రు సారూ?"

"వాళ్ళల్ల వాళ్ళే."

"మరి నడుమల మావోడేం జేస్తుండు?"

"వాళ్ళు కొట్టుకోకుండ ఆపుతుండు."

"ఆపినంక ఇంటికొస్తడా?"

"ఆపినంకనే వస్తడు."

"ఆళ్ళు ఆగకుంటే?"

గుమాస్తా నవ్వాడు. కాక నవ్వలేదు. జవాబు కోసం ఇంకా కొంచెం సేపు అక్కడే నిలబడ్డాడు.

తర్వాత నెలకో ఉత్తరం. ప్రతి ఉత్తరంలోనూ కింద ఒకే మాట ఉండేది: "వచ్చే నెలల తోలిస్తరంటుండ్రు." మొదట్లో కాక ఆ మాట విని మా షెడ్డు దాకా వచ్చి చెప్పేవాడు. ఏడాది దాటాక గుమాస్తా ఆ మాట చదవబోతుంటే "అది నాకెరుకే, మీదిది చదువు" అనేవాడు. కుర్రవాళ్ళు "కాకా, కాంగో రాజు పెండ్లిపిల్లను చూసిండట మీవోనికి" అని ఎగతాళి చేసేవారు. ఆయన వాళ్ళ ముఖం చూసి లాంపు ఇచ్చేవాడు, అంతే.

ఆ ఏడు దసరా తర్వాత చైనా లడాయి వచ్చింది. మన గడ్డ మీదే లడాయి. ఊరు ఊరంతా రేడియో దగ్గర చేరింది. ఆడవాళ్ళు చేతి గాజులు, చెవి కమ్మలు చందా ఇచ్చారు. ఆ నెల రోజులు కాక ముఖంలో ఒక వెలుగు చూశాను. అది మంచి వెలుగు కాదు, జ్వరం వచ్చినవాడి కళ్ళల్లో ఉండే వెలుగు.

"ఇగ పిలువక తప్పదు బిడ్డా. మన ఇంటి మీదికే వచ్చినంక మంది ఇంట్ల ఎందుకుంచుతరు?"

పిలవలేదు. చైనా లడాయి ఆగింది. కాంగోది ఆగలేదు. దీపావళి అయ్యాక ఉత్తరం వచ్చింది. కింద అదే మాట. కాక ఆ కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, గోరంత అయ్యేదాకా మడిచాడు.

ఆ బిళ్ళను నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే. మధ్యాహ్నం, పొద్దటి షిఫ్టు అంతా ఎక్కాక ఆయనకు మజ్జిగ ఇవ్వడానికి పోయాను. మేకులన్నీ ఖాళీగా ఉండవలసిన వేళ అది. కింది వరుసలో, మూల మేకుకు ఒక బిళ్ళ మిలమిల మెరుస్తూ వేలాడుతోంది. చింతపండుతో తోమినట్టుంది.

"కాకా, ఎవలో ఎక్కలే!" అన్నాను.

"ఎరుకే."

"ఎవలు?"

"మావోడు." మజ్జిగ తాగి చెంబు ఇచ్చాడు. "వాని బిళ్ళ నా పెట్టెల ఉండె. పెట్టెల ఉంటే వాడు ఇంటికొచ్చినట్టు లెక్క గద. రాలే. దిగినోడు ఎక్కకుంటే బిళ్ళ యాడ ఉండాలె?"

నేను మేకు వైపు చూశాను.

"ఆళ్ళు లెక్క పెడుతలేరు బిడ్డా. తోలుడే గని లెక్క పెట్టుడు లేదు. నేనన్న పెడత."

కొడుకు నంబరు లాంపు చెడిపోయిందని కాక ఎప్పుడో పట్నం పంపాడట. కొడుకు వచ్చేదాకా ఆ గూడు ఇంకొకరికి ఇవ్వవద్దని, లాంపు ఇంకా రాలేదనే ఆఫీసుకు చెబుతూ వచ్చాడు. గూడు ఖాళీ. బిళ్ళ మేకుకు. ఆ లెక్క సరి కాదని నాకు అనిపించింది. అయినా ఎవరికీ చెప్పలేదు. ముసలాయన తృప్తి, ఎవరికి నష్టం అనుకున్నాను. షిఫ్టు ఒడిసాక "అందరెక్కిండ్రు" అని ఆఫీసుకు చెప్పేది ఆయనే. ఆ ఒక్క బిళ్ళ లెక్కలోకి రాదని తెలిసినవాడూ ఆయనే. కొన్నాళ్ళకు ఆ బిళ్ళ నా కంటికి ఆనడమే మానేసింది.

పుష్యమాసంలో కాంగో లడాయి ఒడిసిందని రేడియోలో చెప్పారు. ఉత్తరం కూడా వచ్చింది. లడాయి లేదు, ఓడ కోసం చూస్తున్నాం అని. కాకకు ఆగలేదు. "లడాయి ఉన్నప్పుడు లడాయి అన్నరు. ఇప్పుడు ఓడ అంటుండ్రు. ఓడ వచ్చినంక ఏమంటరో." తహసీల్ ఆఫీసు ముందర ఒకాయనతో దరఖాస్తు రాయించాడు. మీరు దింపిన మందిని మీరే ఎక్కించాలె అని రాయమంటే, గిట్ల రాయరు తాతా అని ఆయన ఏవో దండాలు రాసిచ్చాడట. ఆ కాగితం తీసుకుని కాక ఆదిలాబాద్ బస్సెక్కాడు, కలెక్టరును చూసి వస్తానని. ఎన్నేళ్ళలోనో అది ఆయన మొదటి సెలవు. కిటికీలో హాజరు గుమాస్తాను నిలబెట్టారు.

పోయేముందు కాక బిళ్ళ తీసి పెట్టెలో వేయడం మరిచిపోయాడు. మరిచిపోయాడో, తీయడానికి చెయ్యి రాలేదో నేను ఈనాటికీ అడగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కాకముందే కింద కప్పు కూలింది. సైరన్ మోగింది. నేను మట్టి చేతులతోనే బయటికి ఉరికాను. ఒక్కొక్కరే ఎక్కి వస్తున్నారు. దుమ్ముతో ఎవరి ముఖం ఎవరిదో తెలియడం లేదు. మా ఆయన వచ్చాడు. మా పక్కింటి లింగయ్య వచ్చాడు. వాళ్ళిద్దరిదీ జోడు పని. లింగయ్య భార్య రాజవ్వ నా చెయ్యి పట్టుకుని "ఇద్దరొచ్చిండ్రు అక్కా, ఇద్దరొచ్చిండ్రు" అని నవ్వుతూ ఏడుస్తోంది. లాంపులు ఇచ్చేసి మంది కిటికీ దగ్గర విరగబడ్డారు. అప్పుడు గుమాస్తా లోపలినుంచి అరిచాడు.

"ఒక్కటి మిగిలింది! గూడు ఖాళీ ఉన్నది. ఒకడు కింద ఉన్నడు!"

ఎవడు, ఎవడు అని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరి ఇంటివాళ్ళూ వచ్చారు. రానివాళ్ళ బదులు దిగే బదిలీ పనివాడు ఎవడో అయి ఉంటాడన్నారు. కొత్తవాడు, వాడికోసం ఏడ్చేవాళ్ళు కూడా ఇక్కడ లేరన్నారు. ఆ మాటకు లింగయ్య ముందుకు వచ్చాడు. "దుంగలు మేమే నిలబెట్టినం, తొవ్వ మాకెరుక" అన్నాడు. మా ఆయన, ఇంకా ఇద్దరు. నలుగురూ లాంపులు తీసుకుని మళ్ళీ దిగారు. రాజవ్వ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

వాళ్ళు దిగాక కిటికీ దగ్గర ఎవరో అన్నారు: "ఏ మేకు?"

"కింది మూలది."

రాజవ్వ చెయ్యి విదిలించుకుని ఉరికాను.

"సారూ, అది కాక కొడుకుది! కింద ఎవలు లేరు! ఆళ్ళను పిలువుండ్రి!"

"కాంగోల ఉన్నోని బిళ్ళ గీడెందుకుంటది? ఏం మాట్లాడుతున్నవ్? నంబరెంత చెప్పు?"

"నంబరు నాకు తెల్వది సారూ. గా మేకు తెలుసు."

"మేకు తెలుసట!" అని మందితో అన్నాడు. "సదువు రాదు గిదు రాదు, నడుమల వచ్చి పరేషాన్ చేస్తుంది. జర అవతలికి తోలుండ్రి."

నన్ను ఇద్దరు పక్కకు లాగారు. ఒక సర్దారు మాత్రం నా ముఖం చూసి ఆఫీసులోకి ఉరికాడు. రిజిస్టరు బీరువాలో ఉంది. బీరువా తీశాడు, పేజీలు తిప్పాడు. ఆ నంబరు దొరికింది. పక్కనే కాక కొడుకు పేరు, పటాలం అనే మాట. ఆయన కేకలు వేస్తూ బాయి మూతి దగ్గరికి ఉరకడం నేను చూశాను. అంతలో కాళ్ళ కింద నేలలో మెత్తటి చప్పుడైంది. లోపలెక్కడో బరువైన తలుపు ఎవరో నెమ్మదిగా మూసినట్టు.

ముగ్గురు ఎక్కారు. లింగయ్య ఎక్కలేదు.

మా ఆయన చాలా రోజులకు చెప్పాడు. లింగయ్య అందరికంటే ముందు నడిచాడట. "ఎవలున్నరు? పల్కుండ్రి!" అని పిలుచుకుంటూ పోయాడట. ఇక చాలు, వెనక్కి పోదాం అని వీళ్ళంటే, "ఆగుండ్రి, ఎవలో పల్కినట్టయింది" అని ఇంకో రెండడుగులు వేశాడట.

ఆ తర్వాతనే నేను అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు అంకెల వెనక వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి కాక వచ్చాడు. ముఖం సంతోషంగా ఉంది. చేతిలో కాగితం. "సాబ్ దస్కత్ పెట్టిండు బిడ్డా, పైకి తోలిస్త అన్నడు" అంటూనే మా షెడ్డు దాటి కిటికీ వైపు పోయాడు. మందిని చూసి ఆగాడు. లోపల గోడ వైపు చూశాడు. మూల మేకు ఖాళీగా ఉంది. నా వైపు తిరిగాడు.

"ఎవలు?"

"లింగయ్య."

"ఎవని కోసం దిగిండు?"

నేను ఆ ఖాళీ మేకు వైపు చూశాను. ఆయన తల ఊపాడు, నేను చెప్పినట్టే.

ఎవరూ అడగకముందే పోయి మేనేజరుతో తానే చెప్పేశాడు. పనిలోంచి తీసేశారు. కొట్టడానికి పోయినవాళ్ళున్నారు. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు, దాంతో వాళ్ళే ఆగిపోయారు. నాతో ఒక్కసారే అన్నాడు. "ఒక్క బిళ్ళ తప్పు పెట్టిన, నన్ను తీసేసిండ్రు. మంచిగ జేసిండ్రు. గంత మందిని తోలి ఊకున్నోళ్ళను ఎవలు తీసెయ్యాలె?" అని, వెంటనే, "గీ మాట అననీకె నాకు నోరు లేదు" అన్నాడు.

ఆ నాటినుంచి రాజవ్వ ఇంటి ముందర ఆయన. పొద్దున్నే కావడితో నీళ్ళు తెచ్చి గడప బయట పెట్టేవాడు. కట్టెలు కొట్టేవాడు. లోపల అడుగు పెట్టేవాడు కాదు. రాజవ్వ ఆ నీళ్ళను ఆయన చూస్తుండగానే రోడ్డు మీద పారబోసేది. ఆయన కావడి ఎత్తుకుని మళ్ళీ పోయేవాడు. నెల దాటాక ఆమె పారబోయడం మానేసింది. మాట్లాడింది మాత్రం లేదు. కంపెనీ ఆమెకు పని ఇచ్చింది. నా పక్కనే కూర్చుని మట్టి ముద్దలు చేసేది.

ఉగాది పోయాక ఒక మధ్యాహ్నం, రేకుల పెట్టె మోసుకుంటూ ఒక సిపాయి నేరుగా లాంపు రూం కిటికీ దగ్గరికి వచ్చాడు. అక్కడ కొత్త మనిషిని చూసి మా షెడ్డు వైపు తిరిగాడు. ఎండకు మాడిన ముఖం, తెల్లటి పళ్ళు.

"అక్కా, మా బాపు ఏడి?"

నా చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. అతను అడిగింది నన్ను కాదు, ముందు కూర్చున్న రాజవ్వను. ఆమె తలెత్తింది.

"కాంగో పోయినోనివి నువ్వేనా?"

"అవునక్కా."

ఆమె అతన్ని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. చేతులు, కాళ్ళు, కండ్లు అన్నీ చూసింది. "మంచిగనే ఉన్నవు" అంది. తర్వాత మట్టి పిసుకుతూ, "మీ బాపు మా ఇంటి ముందట ఉంటడు. గీ అక్క చూపిస్తది, పో" అంది.

నేను తోవ చూపించాను. దారిలో అతను ఏవేవో అడిగాడు. నేను చెప్పవలసింది చెప్పాను, లింగయ్య సంగతి కూడా. అతను నడవడం ఆపి, పెట్టె ఇంకో భుజానికి మార్చుకుని, మళ్ళీ నడిచాడు.

కాక కట్టెలు కొడుతున్నాడు.

"బాపూ."

గొడ్డలి మొద్దులో దిగి ఉండిపోయింది. రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి కావలించుకుంటాడని నేను అనుకున్నాను. ఆయన కొడుకు ముఖం చూశాడు, లాంపు ఇచ్చే ముందు చూసినట్టే.

"లడాయి ఎప్పుడు ఒడిసింది?"

"పుష్యంల, బాపు."

"గప్పటి సంది ఏం జేసిండ్రు?"

"ఏముంది. ఓడ లేకుండె. సముద్రం ఒడ్డుకు డేరాలేసి ఉంచిండ్రు. పనేం లేదు. పొద్దంత పేక ముక్కలు పంచుకోని తాష్ ఆడుకున్నం."

కాక మొద్దు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. ఇంటి లోపల లింగయ్య పిల్లలు ఏదో ఆట ఆడుతున్నారు, వాళ్ళ నవ్వు వినిపిస్తోంది. ఆయన ఆ నవ్వు ఆగేదాకా ఊరుకుని, నెమ్మదిగా అన్నాడు.

"తాష్ ముచ్చట రాజవ్వకు చెప్పకు." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు గూడ చెప్పకు బిడ్డా."

ఆ రోజే సంధ్యకు ముందు తండ్రీ కొడుకులు జైనూరు దిక్కు వెళ్ళిపోయారు. నేను మాట నిలబెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు కాక లేడు కనుక, కాగితం మీద పెడితే నోటితో చెప్పినట్టు కాదు కదా అనుకుని ఇది రాశాను.

కాని రాజవ్వ ఈమధ్య సాయంత్రాలు నా దగ్గర పలక పట్టి కూర్చుంటోంది. గుణింతాలు అయిపోయాయి. నిన్న ఒత్తులు మొదలుపెట్టింది.